గోడగడియారం, గార్డు గడియారం

మొదటే చెప్పేస్తున్నాను, నేను సత్యహరిశ్చంద్రుడి మనవరాలిని కాదు. అరవై ఎనిమిదిలో, ఎం.ఎస్సీ. ఫిజిక్సు మొదటి ఏడు రికార్డులో నేను రాసిన పద్దెనిమిది ప్రయోగాల్లో ఏడెనిమిది వండి వడ్డించినవే. వండటమంటే మరేం లేదు. జవాబు పుస్తకంలో ఉంటుంది కదా, దాని చెయ్యి పట్టుకుని వెనక్కి నడుచుకుంటూ రావాలి. ఏ రీడింగు రాస్తే ఆ జవాబు వస్తుందో చూసుకోవాలి. ఆ రీడింగు రాసి, చూసేవాళ్ళకు నమ్మకం కుదరడానికి రెండు చోట్ల కొట్టేసి మళ్ళీ రాయాలి. మా క్లాసు పదహారు మందికీ ఈ విద్య కరతలామలకం. మేం సీనియర్ల దగ్గర నేర్చుకున్నాం, వాళ్ళు వాళ్ళ సీనియర్ల దగ్గర నేర్చుకున్నారు.

కాబట్టి లోలకం ప్రయోగం దగ్గర నేను పట్టిన పంతం చూసి ఎవరూ చేతులెత్తి దండం పెట్టనక్కర్లేదు. మా నాన్న గడియారాన్ని ఒకాయన ఒక మాటన్నారు, నాకు ఒళ్ళు మండింది. అంతే సంగతి.

ఆ మాటన్నది మా ప్రొఫెసరు వెంకటసుబ్బారావు గారు. బందరు మనిషి. ఏటా మొదటి క్లాసులో ఒకటే ఉపన్యాసం ఇచ్చేవారు. "ఒకప్పుడు దీన్ని ఫిజిక్స్ అనేవారు కాదమ్మా, నేచురల్ ఫిలాసఫీ అనేవారు. ప్రకృతి తత్త్వం! ఓ గ్రీకు పెద్దమనిషి కుర్చీలో కూచుని, బరువైన రాయి ముందు పడుతుంది అన్నాడు. రెండు వేల ఏళ్ళు జనం తలలూపారు. రెండు రాళ్ళు తీసుకుని మేడెక్కి వదిలి చూద్దామని ఒక్కడికి తోచిందా? ఎవడైతే పుస్తకం మూసేసి రాయి వదిలాడో, వాడితో తత్త్వం కాస్తా సైన్సయింది. కనక మీరూ పుస్తకాలు మూయండి!" అని బల్ల మీద ఒక్క చరుపు చరిచేవారు. ఆ బల్లకు ఒక కాలు పొట్టి. చరిచినప్పుడల్లా సిరాబుడ్డి దొర్లబోయేది.

ఇంత చెప్పి, ఆ బల్ల దగ్గరే కూర్చుని, లండన్‌లో అచ్చయిన తన పాత పుస్తకం తెరిచి, అందులోని జవాబులతో సరిచూసి మా రికార్డులు దిద్దేవారు. జవాబు కలిస్తే సంతకం. కలవకపోతే ఎర్ర సిరాతో 'రిపీట్'. చెప్పేవి శ్రీరంగనీతులే కదా, చెప్పడానికేం పోయింది.

లోలకం ప్రయోగంలో తేలాల్సిన అంకె 981. భూమి మనల్ని ఎంత గట్టిగా కిందికి లాగుతోందో చెప్పే అంకె అది. ఒక బరువైన ఇత్తడి కడ్డీని కత్తిలాంటి అంచుమీద వేలాడదీసి ఊపుతాం. వెయ్యి ఊపులకు ఎంతసేపు పట్టిందో చూస్తాం. కడ్డీ పొడవు, ఆ సమయం సూత్రంలో వేస్తే అంకె వస్తుంది. చేయడానికి చాలా తేలిక, విసుగు మాత్రం అర్ధగంట.

సమయం చూడ్డానికి లాబులో ఒక పాత గోడగడియారం ఉండేది. ఎడింబరోలో చేసింది. 'నేచురల్ ఫిలాసఫీ పరికరాలు' అని కింద ఇత్తడి రేకు మీద ఇంగ్లీషులో చెక్కి ఉండేది. దాని మంచిచెడ్డలన్నీ అటెండరు ఇన్నయ్యవి. యూనివర్సిటీలో చదువు ఉర్దూలో సాగిన రోజుల నుంచీ ఉన్నాడు ఇన్నయ్య. మౌలాలి నుంచి రోజూ నడిచి వచ్చి, పది కొట్టకముందే స్టూలెక్కి, ఆ గడియారం ముల్లును రెండు నిమిషాలు ముందుకు జరిపేవాడు. ముసలి గడియారం, వెనకబడుతుంది పాపం అనుకునేవాళ్ళం. ఎద్దు ఈనిందంటే దూడను కట్టేసే రకం మేమందరం. పదహారు మంది ఫిజిక్సు విద్యార్థుల్లో ఒక్కరం కూడా, రోజూ సరిగ్గా రెండు నిమిషాలే ఎందుకు అని అడగలేదు.

ఆ రోజు గడియారం ముందు చోటు దొరకలేదు. స్టాప్‌వాచీలు నాలుగుంటే మూడు ఏనాడో కన్నుమూశాయి, నాలుగోది ఎవరి జేబులోనో ఉంది. నా పార్ట్‌నరు బుచ్చిరాములు, భువనగిరి దగ్గరి పల్లెటూరి వాడు, అప్పటికే కాగితం తీసి లెక్క వెనకనుంచి మొదలెట్టాడు. నాకేమో ముందురోజు నాన్ననడిగి తెచ్చిన గడియారం సంచీలో ఉంది.

మా నాన్న పేరయ్య గూడ్సుబండి గార్డు. లాలాగూడ రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్ళం, తార్నాక చౌరస్తా దాటి నడిస్తే కాలేజీ. ఆయన జేబుగడియారాన్ని రోజూ సాయంత్రం నాలుగింటికి తంతిలో వచ్చే టైముతో సరిచూస్తారు. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఆ గడియారం వల్ల ఒక్క బండి ఆలస్యమయిందని ఎవరూ రాయలేదు. అది ఆయనకు రెస్టు రోజు కనక ఇచ్చారు. ఇచ్చేముందు, "బల్ల అంచున పెట్టకమ్మాయ్" అని మూడుసార్లు చెప్పారు.

బుచ్చిరాములు చేత వెయ్యి ఊపులు లెక్కపెట్టించాను. "ఏందండి వేదవతిగారూ, జవాబు తెలిసినంక గూడ గీ లెక్కవెట్టుడేంది?" అని గొణుగుతూనే లెక్కపెట్టాడు. మూడుసార్లు చేశాం. మూడుసార్లూ 978 మీద నాలుగు పదో వంతులు వచ్చింది. నేను 978.4 అని రాశాను. అవే రీడింగులు, అదే బల్ల, నా పక్కనే నిలబడి నోరు నొప్పెట్టేలా లెక్కపెట్టిన ఆ మహానుభావుడు 981 అని రాశాడు.

అతనికి సంతకమయింది. నాకు 'రిపీట్' పడింది.

"దేంతో చూశావమ్మా టైము?" అన్నారు ప్రొఫెసరుగారు. చూపించాను. ఆయన కళ్ళజోడు పైకెత్తి నవ్వారు. "గార్డుగారి గడియారం గూడ్సుబండికి చాలునమ్మా. ఫిజిక్సుకు చాలదు."

క్లాసంతా నవ్వింది. గడియారం రుమాల్లో చుట్టి సంచీలో వేసుకున్నాను.

పరిస్థితి ఇదీ. మార్చి పదహారు శనివారం లోపల రికార్డులో అన్ని ప్రయోగాలకూ సంతకాలు కావాలి. ఒక్కటి తగ్గినా హాల్ టికెట్ రాదు, ఏడాది గంగపాలు. నాకు తక్కువైనది ఆ ఒక్క సంతకమే.

ఇంట్లో చెప్తే అమ్మ, "ఒక అంకె మార్చి రాస్తే నీ సొమ్మేం పోయిందే?" అంది. అమ్మ పేరు అమ్మాజీ, లోకజ్ఞానం ఆవిడ సొత్తు. నాన్న అన్నం ముందు కూర్చుని గడియారం చెవి దగ్గర పెట్టుకున్నారు. కాసేపు విని, "రేపు డిపోలో చూపిస్తా. తప్పుంటే మార్పించుకుంటా" అన్నారు. ఆ గొంతు విన్నాక ఇక నేను 981 రాయడం కల్ల.

మర్నాడు థియరీ నోట్సు తీశాను. భూమి ధ్రువాల దగ్గర గట్టిగానూ భూమధ్యరేఖ దగ్గర కాస్త తేలిగ్గానూ లాగుతుందని, ఊరిని బట్టి అంకె మారుతుందని వెంకటసుబ్బారావు గారే చెప్పారు. సూత్రంలో హైదరాబాదును వేస్తే 978.4 వచ్చింది. 981 లండన్‌ది. ఆయన మాటే పట్టుకెళ్ళి ఆయన ముందు పెట్టాను. కానీ అది రెండో పేపరు, లాబు మూడో పేపరు. మా డిపార్టుమెంటులో ఆ రెంటికీ చుట్టరికం లేదు.

"సూత్రం కాగితం మీదదమ్మాయ్. ప్రయోగం ముందు అది నిలబడదు. పదిహేడేళ్ళుగా ఈ గదిలో, ఈ గడియారంతో 981 వస్తోంది. పదిహేడేళ్ళ ప్రయోగం కంటే నువ్వు గొప్పదానివా?" అన్నారు.

పోనీ ఆ గడియారంతోనే చూద్దామని మళ్ళీ చేశాను. నిజాయితీగా, ఒక్కో ఊపూ లెక్కపెట్టి. 981 వచ్చింది! వండకుండా వచ్చింది! నా కళ్ళను నేనే నమ్మలేకపోయాను. గార్డు కూతురికొక భూమి, గోడగడియారానికొక భూమి ఉంటాయా అని తల పట్టుకున్నాను.

గురువారం నుంచి నాన్నకు రాత్రి డ్యూటీలు, పగటిపూటకు గడియారం మళ్ళీ తెచ్చాను. డిపోలో దానికి తప్పేమీ లేదన్నారట. పది గంటలకు గోడగడియారంతో కలిపి, సాయంత్రం ఐదింటికి పక్కపక్కన చూశాను. ఏడు గంటల్లో గోడగడియారం ముప్పై మూడు సెకన్లు వెనకబడింది. అక్కడే నిలబడి లెక్క కట్టాను. హైదరాబాదు అంకెను లండన్ అంకెగా మార్చడానికి గడియారం ఎంత నిదానించాలో, సరిగ్గా అంతే నిదానిస్తోంది. ముసలితనం అంత లెక్కగా రాదు.

అందరూ వెళ్ళాక స్టూలెక్కి దాని అద్దం తలుపు తెరిచాను. లోపల, ఊగే గుండు వెనక చెక్క మీద, పెన్సిలుతో ఉర్దూ అంకెలు. రెండు వరసలు, పైనుంచి కిందికి.

"ఏంది బిడ్డా, గాడేం పని నీకు?"

కింద ఇన్నయ్య, చేతిలో తాళాలు. నేను దిగలేదు.

"ఇవెవరు రాశారు ఇన్నయ్యా?"

తాళాలు బల్లమీద పెట్టాడు. తర్వాత బల్లకు ఆనుకుని చెప్పాడు. "నేనే. గుండు కింద మర ఉన్నది సూడు. తిప్పితే గుండు దిగుతది, గడియారం నిదానమైతది. అరసుట్టు తిప్పుడు, నెలాగుడు, రికార్డులల్ల ఎన్ని ఎర్రగైనయో లెక్కవెట్టుడు. మల్ల అరసుట్టు. గీ వరస సుట్లు, గీ వరస రిపీట్లు. పద్నాలుగు, పదకొండు, ఆరు, రెండు. ఏడాది వట్టింది. ఆఖరికి సున్న."

"నీకు ఆ అంకె సంగతి తెలుసా?"

"గా అంకెల మతలబు నాకు తెల్వది. ఎర్ర సిరా తెలుసు. పోరగాళ్ళు గీ మూలకు కూసోని ఏడుస్తుంటే సూసుకుంట ఊకోవాల్నా?"

నవ్వాలో తిట్టాలో తెలియలేదు. ఈయన వల్ల నా ఏడాది పోయేట్టుంది. కానీ ఒకటి మార్చడం, ఆగడం, లెక్కపెట్టడం, రాసిపెట్టడం, మళ్ళీ మార్చడం, దీన్ని కదా ప్రయోగమంటారు? మా డిపార్టుమెంటులో అది చేసిన మనిషి నేను చూసినంతవరకు ఈయనొక్కడే. చదివింది నాలుగో తరగతి, ఉర్దూ మీడియం.

"చెప్తవా బిడ్డా?" అన్నాడు. రిటైరు కావడానికి ఏడాదిన్నర ఉంది ఆయనకు.

"చెప్పను."

"మరి నీ సంతకం?"

"అది నా తిప్పలు" అన్నాను. చాలా గొప్పగా అన్నాను కానీ, తార్నాక దాకా నడుస్తూ దారంతా ఏడ్చాను.

శుక్రవారం పొద్దున ప్రొఫెసరుగారి దగ్గరికి వెళ్ళి ఒకటే చెప్పాను. గోడగడియారం నిదానంగా నడుస్తోంది, నాన్నది సరిగ్గా ఉంది, ఒక్కసారి సరిచూడండి. పాత గడియారం కదా సార్ అని నేనే సాకు కూడా అందించాను. ఆయన విసుక్కుంటూ కాగితం లాక్కున్నారు. ముప్పై మూడు సెకన్లు, ఏడు గంటలు అని రాసుకుని లెక్క కట్టారు. ఎంతైనా ఫిజిక్సు మనిషి. పెన్ను ఆగిపోయింది. లేచి, ఆ భారీ శరీరంతో స్టూలెక్కి, అద్దం తలుపు తెరిచారు.

"ఎవరి రాత ఇది?"

"తెలియదు సార్" అన్నాను. 978 కోసం వారం రోజులు పోట్లాడిన నోటితోనే తడుముకోకుండా అబద్ధమాడాను.

"నాదే సార్" అన్నాడు గుమ్మంలో ఇన్నయ్య.

ప్రొఫెసరుగారి మొహం జేవురించింది. "ఎందుకు చేశావయ్యా ఈ పని? ఏం పోయేకాలం?"

ఇన్నయ్య తల వంచుకోలేదు. "మొగిలి అని ఒక పోరడుండె సార్. వరంగల్ దిక్కు. గప్పుడు మీరు కొత్తగ వచ్చిన్రు. మూడుసార్లు రిపీట్ రాసిన్రు గాయినకు. గా పోరడు అబద్ధమాడలె సార్, నా కండ్లముందట లెక్కవెట్టిండు. మూడోసారి రికార్డు గీ బల్లమీదనే ఇడిసిపెట్టి పోయిండు. మల్ల రాలె. గింకో పోరడు అట్ల పోవద్దని తిప్పిన."

ప్రొఫెసరుగారు నా రికార్డు తీసి, నావైపు చూడకుండా సంతకం పెట్టి ఇచ్చారు. తర్వాత ఇంకో కాగితం తీశారు. పరికరాన్ని ఉద్దేశపూర్వకంగా చెడగొట్టినందుకు ఇన్నయ్యను ఉద్యోగం నుంచి తీసేయాలని రిజిస్ట్రారుకు మెమో.

"సార్, నా సంతకం కొట్టేయండి సార్. నేను వచ్చే ఏడు రాసుకుంటాను. ఆయన్ను వదిలేయండి" అన్నాను. అప్పుడు నిజంగానే అన్నాను.

"ఊరుకో అమ్మాయ్. పదిహేడు బ్యాచుల చేత ఈ మనిషి అబద్ధం రాయించాడు" అన్నారు. "గడియారం సరిచెయ్యి ఇన్నయ్యా. వచ్చే వారం క్లాసంతా లోలకం మళ్ళీ చేస్తుంది. సంగతి ఎవరికీ చెప్పడానికి వీల్లేదు, నువ్వు కూడా అమ్మాయ్. గడియారం బాగుపడగానే అందరికీ సరైన అంకె వస్తుంది. ఆ పదహారు కాగితాలూ సాక్ష్యంగా జతచేసి మెమో పంపిస్తాను." మెమో సొరుగులో పెట్టి తాళం వేశారు.

ఆ సాయంత్రం ఇన్నయ్య మర పైకి తిప్పుతుంటే నేను కింద నిలబడి నాన్న గడియారం చూసి చెప్పాను. సోమవారానికల్లా రెండూ సెకను తేడా లేకుండా నడిచాయి. వారమంతా జంటజంటలుగా వచ్చి చేశారు. సరైన గడియారం, సరైన కడ్డీ. ఒక్కొక్కళ్ళ 978 ఒక్కో మేకై ఇన్నయ్య ఉద్యోగానికి దిగుతుందని, దానికంతా నేనే కారణమని కుమిలిపోయాను. ఆ కుమిలిపోవడంలో అసలు మా క్లాసు ఎలాంటిదో మరిచేపోయాను.

శనివారం ప్రొఫెసరుగారు పదహారు రికార్డులూ బల్లమీద పేర్చుకున్నారు. నన్నూ ఇన్నయ్యనూ పిలిచారు. ఒకటి తెరిచారు. 981. ఇంకోటి తెరిచారు. 980.9. మూడోది 981.1, అందులో రెండు చోట్ల కొట్టేసి మళ్ళీ రాసి ఉంది. బుచ్చిరాములుది వచ్చింది. మళ్ళీ నా పక్కనే నిలబడి వెయ్యి ఊపులు లెక్కపెట్టినవాడు. 981.02 అట. ఆ చివరి రెండు వందో వంతులు ఎక్కడినుంచి తెచ్చాడో ఆ తార్నాక ఆంజనేయస్వామికే తెలియాలి.

పదిహేను రికార్డుల్లో లండన్. నాదొక్కటే హైదరాబాదు.

ప్రొఫెసరుగారి చెయ్యి రికార్డుల మీదే ఉండిపోయింది. గోడవైపు చూశారు. "మర పైకి తిప్పావా ఇన్నయ్యా, నిజం చెప్పు."

"తిప్పాడు సార్. వారం రోజులు నేనే సరిచూశాను, గార్డు గడియారంతో" అన్నాను. ఈసారి ఆయన నవ్వలేదు.

ఇన్నయ్య మెల్లగా అన్నాడు. "ఈసారి నేను గాదు సార్."

ప్రొఫెసరుగారు లండన్ పుస్తకం మూసేశారు. సొరుగు తాళం తీసి మెమో బయటికి లాగారు. చదవలేదు. నాలుగు మడతలు పెట్టి, మూలుగుతూ వంగి, బల్ల పొట్టికాలి కింద దోపారు. లేచి, పదిహేను రికార్డుల పక్కన ఎర్రపెన్ను పెట్టుకుని, మూత తీయకుండా కూర్చున్నారు.

"ఆ అబ్బాయి..." అన్నారు. "మొగిలి. అతనికి ఎంతొచ్చింది, గుర్తుందా?"

"గుర్తులేకేం సార్" అన్నాడు ఇన్నయ్య. "మూడుసార్లు గదే వచ్చింది. తొమ్మిదొందల డెబ్బై ఎనిమిది."